తేనెపెట్టెకు తూర్పు వాకిలి

మాణిక్యాంబగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆవిడ ముందుగా చేసేది అడిగినవాళ్ళ చేతికి ఒక పని ఇవ్వడం. మోక్షం గురించి అడిగినవాళ్ళకి చింతపండు పళ్ళెం, పూర్వజన్మల గురించి అడిగినవాళ్ళకి కందిపప్పు చేట. గింజలు తీస్తూ రాళ్ళు ఏరుతూ కూర్చుంటే సగం ప్రశ్నలు వాటంతటవే రాలిపోతాయని ఆవిడ నమ్మకం. రాలని ప్రశ్నలకు జవాబు చెప్పేవారు. జవాబంటే శాస్త్రం కాదు, ఎక్కడో జరిగిన ఒక సంగతి. అది చెప్పి ఊరుకునేవారు. శాస్త్రం రాక కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు వ్యాకరణం నూరిపోసిన మనిషి, వాదానికి దిగితే మాలో ఒక్కరమూ నిలవలేం. అది తెలిసే దిగేవారు కారనుకుంటాను. ఆవిడ దగ్గర కూర్చుని ఎన్ని చేటల పప్పు బాగుచేశానో చెప్పలేను కాని, ఆ సాయంకాలాలు దొరకకపోతే నేనేమై ఉండేవాణ్ణో తలుచుకుంటే భయమేస్తుంది.

అక్కడ చేరే మా నలుగురైదుగురిలో బియ్యం వ్యాపారం చేసే పుండరీకంగారు ఒకరు. మంచిమనిషి. ఆ మంచితనం తనకు బాగా తెలిసిన మనిషి కూడాను. ఆ మధ్య తన మేడ మీద మైకు పెట్టించి, రోజూ తెల్లవారుజామున వీధి వీధంతా వినేలా భజన చేయిస్తున్నాడు. ఖర్చంతా ఆయనదే. పైగా ఇంటింటికీ ప్రసాదం. ఒక సాయంత్రం ముఖం ముడుచుకుని వచ్చి కూర్చున్నాడు. పక్కింటాయన వచ్చి మైకు కాస్త తగ్గించమన్నాడట.

"అమ్మా, నేను చేస్తున్నది చెడ్డపని కాదుగదా! నలుగురికీ మేలు చేసేవాడు కూడా పక్కవాడి ఇష్టాయిష్టాలు కనుక్కునే చెయ్యాలా?" అని అడిగాడు.

మాణిక్యాంబగారు ఆయన ముందుకు బొబ్బరికాయల చేట తోశారు. ఆయన ఒలవడం మొదలుపెట్టాక ఈ సంగతి చెప్పారు. మాటల్లో కొన్ని నావి అయివుండొచ్చు, సంగతి మాత్రం ఆవిడదే.

మా ఊరి చివర పంటకాలువ గట్టు కింద కొంత ఖాళీ భూమి ఉంది. ఇంటికి పెరడు లేనివాళ్ళు కొందరు కలిసి దాన్ని మడులుగా పంచుకుని కూరగాయలు వేసుకుంటున్నారు. కంచె ఉమ్మడి, నీళ్ళు ఉమ్మడి, దారి ఉమ్మడి, మడి మాత్రం ఎవరిది వాళ్ళది. తాళంచెవి గవర్రాజు అనే పెద్దాయన దగ్గర ఉంటుంది, తోటలో తగవొస్తే తీర్చేదీ ఆయనే. మాణిక్యాంబగారికీ అక్కడొక చిన్న మడి ఉంది, గోంగూర వేస్తారు. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, ఆవిడ కళ్ళముందు జరిగింది.

ఆ తోటలో భాస్కరం మాస్టారికి ఒక మడి ఉంది. ఆయన బడిలో డ్రాయింగు చెప్పేవారు. ఉద్యోగం ఇంకా ఉండగానే కుడిచెయ్యి వణకడం మొదలైంది. నల్లబల్ల మీద ఆయన గీసిన మామిడికాయ వంకాయలా తయారవుతుంటే పిల్లలు నవ్వేవారట. పిల్లలు నవ్వారని కాదుగాని, తన గీత తన మాట వినడం మానేసిందని ఆయన బాగా కుంగిపోయారు. ఆ రోజుల్లోనే ఎక్కడో తేనెటీగల పెంపకం నేర్పుతున్నారంటే వెళ్ళి నేర్చుకుని, రెండు పెట్టెలు తెచ్చుకున్నారు. విచిత్రమేమిటంటే, మూత తీసి ఈగలు మూగిన చట్రాన్ని పైకెత్తి పట్టుకున్నప్పుడు ఆయన చెయ్యి వణకదు. కాఫీ కప్పు పట్టుకుంటే సగం కాఫీ సాసర్లో ఉంటుంది. చట్రం పట్టుకుంటే మాత్రం చెయ్యి రాయిలా నిలబడుతుంది. ఇదేమిటని అడిగితే డాక్టరు కూడా నవ్వి ఊరుకున్నాడట. ఆయనకు ఆ పెట్టెలంటే ప్రాణమంటే ఆశ్చర్యం ఏముంది?

ఆయన ఉండేది మేడమీద అద్దెవాటా. ఆ ఇంటాయన తులసికుండీకే ఒప్పుకోని మనిషి, ఈగలకేం ఒప్పుకుంటాడు? అందుకని పెట్టెల్ని తోటలో తన మడి తూర్పు మూలన పెట్టుకున్నారు. ఊరికే పెట్టలేదు. పంచాంగం చూసి, మంచిరోజున, వాకిళ్ళు తూర్పుముఖంగా ఉండేలా నిలబెట్టి, ఆ వాకిళ్ళ గడపలకు పసుపు రాసి బొట్టు పెట్టారు. ఆయన అద్దెవాటాకి దక్షిణపు వాకిలి. తన ఇష్టప్రకారం వాకిలి పెట్టుకునే యోగం ఆ జన్మకి ఈ రెండు కొంపల విషయంలోనే పట్టింది. పెంపకం నేర్పినవాళ్ళు కూడా పొద్దుటెండ తగులుతుంది కాబట్టి తూర్పే మంచిదన్నారు. పంచాంగమూ సైన్సూ ఒక్కమాట మీదికొచ్చాక ఇక పక్కమడి సంగతి ఎవరికి గుర్తుంటుంది?

తూర్పునున్న మడి వరహాలమ్మది. ఆవిడ రైలుగేటు దగ్గర చిన్న మెస్సు నడుపుతుంది. పప్పులోకి దోసకాయలు, దప్పళంలోకి గుమ్మడికాయలు ఆ మడిలోవే. ఇదివరకు పొద్దున్నే వచ్చి కోసుకుని, అటునించి అటే వంటకి వెళ్ళేది. పెట్టెలు వచ్చాక ఈగలు వాకిట్లోంచి తిన్నగా ఆవిడ గట్టు మీదుగా, మనిషి ముఖమంత ఎత్తున పోవడం మొదలుపెట్టాయి. ఆవిడ తమ్ముడు ఒకప్పుడు కొబ్బరిచెట్టెక్కి, పైనున్న పెద్దపట్టు ఈగల పాలబడి చచ్చిపోయాడు. ఇవి ఆ ఈగలు కావని ఆవిడకి ఎవరు చెప్తారు? చెప్పినా, అలాంటి భయం మాట వింటుందా? ఆవిడ ఎవరితోనూ ఏమీ అనలేదు. పొద్దున్న రావడం మానేసి, ఈగలు గూటికి చేరాక సందెవేళ రావడం మొదలుపెట్టింది.

మాస్టారు ఇదేమీ గమనించలేదు. ఆయన గమనించింది గుమ్మడిపిందెల్ని. ఈగలొచ్చిన ఏడాది తోటంతా పిందె నిలిచి కాసింది. మొదటిసారి తేనె తీసినప్పుడు సీసాల్లో పోసి అందరికీ పంచారు. పంచుతూ, "ఇది పైపై లాభం. అసలు లాభం మీ పాదుల్లో ఉంది, చూసుకోండి" అనేవారు. చూసుకున్నవాళ్ళు చూసుకున్నారు గాని, ఎవరూ పనిగట్టుకుని వచ్చి మీ పుణ్యమే అనలేదు. ఆ వెలితి ఆయనకు ఉండిపోయింది. ఇచ్చిన చెయ్యి మనకి గుర్తున్నట్టుగా పుచ్చుకున్నవాళ్ళకి గుర్తుండదని మనందరి ఫిర్యాదూను.

ఇలా ఉండగా ఆషాఢమాసంలో ఒకనాడు రైలుపట్టాల పని మీద వచ్చిన కూలీలు పెందలాడే భోజనం కావాలన్నారని, వరహాలమ్మ తప్పనిసరై పొద్దెక్కాక తోటకి వచ్చింది. గుమ్మడికాయ తెంపుతుండగా ఒక ఈగ ఆవిడ జుట్టులో చిక్కుకుంది. ఆవిడ కంగారుపడి చేతులు విసిరింది. విసిరితే ఈగలకు కోపం. కంటిరెప్ప మీద కుట్టాయి. పరుగెత్తబోయి గట్టు మీంచి జారిపడితే మణికట్టు బెణికింది. తోటలో గోలైపోయింది. ఆ మర్నాడు గవర్రాజు అందర్నీ తోటలోని నీళ్ళ మోటారు షెడ్డు దగ్గరికి పిలిచాడు.

అప్పుడన్నా మాస్టారు, "అయ్యో, నొప్పి తగ్గిందా అమ్మా" అని ఉంటే ఈ కథే లేదు. ఆయన ఉపన్యాసం ఎత్తుకున్నారు. ఈగలు రాకముందు పిందెలెలా రాలిపోయేవో, ఇప్పుడెలా నిలుస్తున్నాయో విడమరిచి చెప్పి, "ఇంత మేలు జరిగితే ఒక్కరికైనా కృతజ్ఞత ఉందా?" అని ముగించారు. తప్పు లెక్కేమీ కాదు, ఆయన చెప్పిన ప్రతిమాటా నిజమే. నిజం చెప్తున్నప్పుడు మనిషి ఎంత అన్యాయంగా మాట్లాడగలడో చూడాలంటే ఆ పూట మోటారు షెడ్డు దగ్గర ఉండాల్సింది.

గవర్రాజు వరహాలమ్మ వైపు తిరిగి నువ్వేమంటావన్నాడు. ఒక కన్ను మూసుకుపోయి, చేతికి గుడ్డ చుట్టుకుని ఉంది ఆవిడ.

"పెట్టెలు తీసెయ్యమని నేననటం లేదండి. ఆ వాకిళ్ళు కాస్త అటేపు తిప్పమనండి చాలు" అంది.

"పడమటి వాకిలి పెట్టమంటావా?" అన్నారు మాస్టారు, ఎవరో కొట్టినట్టు. "ఈగలదైనా ఇల్లేగదమ్మా!"

కొందరు నవ్వారు. మాస్టారు నవ్వలేదు, ఆయన నిజంగానే అన్నారు. గవర్రాజుకి ఓపిక తక్కువ. "వాకిలి తిప్పరన్నమాట. అయితే పెట్టెలే తీసేద్దురుగాని మాస్టారూ. ఆదివారంలోగా తోటలో ఉండకూడదు" అని లేచి వెళ్ళిపోయాడు.

వాదం నెగ్గింది, చోటు పోయింది. మాస్టారికి పెట్టెలు పెట్టుకునేందుకు ఇంకో అడుగు నేల ఎక్కడా లేదు. పక్కూరి రైతు ఒకాయన తీసుకుంటానంటే సరేనన్నారు గాని, ఆ రెండుమూడు రోజులూ ఆయన్ని చూసినవాళ్ళకి అన్నం సహించలేదు. ఇంటికి వెళ్ళి పలకరించిన మాణిక్యాంబగారితో, "చెయ్యి పోతే పోయిందనుకున్నానండి, మళ్ళీ వచ్చింది. ఇప్పుడు రెండోసారి పోతోంది" అన్నారట.

ఈగలన్నీ లోపలికి చేరాకగాని వాకిలి మూసి పెట్టె కదపడానికి వీల్లేదు. అందుకని శనివారం సందెవేళ మాస్టారు తోటకి వెళ్ళారు. ఆ వేళప్పుడు ఆయన తోటలో అడుగుపెట్టడం అదే మొదలు. పక్కమడిలో ఎవరో గొంతుక్కూర్చుని కనపడ్డారు. వరహాలమ్మ. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో గుమ్మడాకులు ఒక్కొక్కటీ తిరగేసి, ఏదో ఏరి చెంబులో వేస్తోంది.

"ఈ వేళప్పుడు ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు మాస్టారు, ముభావంగానే.

"పురుగులేరుతున్నానండి."

చెంబులో సబ్బునీళ్ళు. వాటిలో ఎర్రటి పెంకుపురుగులు తేలుతున్నాయి.

"చేత్తో ఏరడమేమిటి? మందు కొట్టుకోరాదూ?"

"ఇదివరకు కొట్టేదాన్నండి. మీ పెట్టెలొచ్చేక మానేసేను. పువ్వుల మీద మందు పడితే తేనెటీగలు చచ్చిపోతాయని మందుల కొట్టాయన చెప్పేడండి. ఆకుల్ని బాగా తినేస్తన్నాయనుకోండి, ఏం చేస్తాం? ఏరుకుంటే సరిపోద్ది."

మాస్టారు చెంబు వైపు ఒకసారి, తన పెట్టెల వైపు ఒకసారి చూశారు. "నీకు ఈగలంటే భయం కదా?" అన్నారు.

"చచ్చేంత భయమండి. అయితే మాత్రం? భయం నాదండి, ప్రాణం వాటిది."

అంత మాట అని ఆవిడ మళ్ళీ ఆకు తిరగేసింది. గొప్పమాట అన్నాననే గమనింపు కూడా లేదు ఆవిడకి. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి, "అన్నట్టు మేష్టారండీ, మీకొక మాట చెప్దామని ఎన్నాళ్ళనించో అనుకుంటన్నాను. మీ ఈగలొచ్చేకే నా గుమ్మడి ఇంత బాగా కాస్తందండి. మెస్సులో దప్పళానికి ఒక్కరోజు లోటు లేదు. మీ మేలు మర్చిపోలేనండి. పగలేమో నేను రాను, సందేళేమో మీరు రారు. ఎప్పుడు చెప్పనండి?" అంది.

మాస్టారు గట్టు మీద కూలబడ్డారు. ఏడాదిగా ఏ మాట కోసం ఎదురుచూస్తున్నారో ఆ మాట అదే. రోజూ అది ఆయన మడి పక్కకే వచ్చి వెళ్తోంది, ఆయన లేని వేళ చూసుకుని. అలా వేళ మార్చుకునేలా చేసింది ఆయన పెట్టిన వాకిలి. నేనిస్తున్నాను, నేనిస్తున్నాను అనుకుంటూ ఆయన తిరుగుతుంటే, ఆయన ఈగలు ఆవిడ పువ్వుల్లో తిని, ఆవిడ మందు మానుకోవడం వల్ల బతికి, సీసాలు నింపాయి. ఆ సీసాల్లో ఒకటి ఆవిడకే ఇచ్చి దానమనుకున్నారు ఆయన. సిగ్గూ కృతజ్ఞతా రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఎదురుగుండా గోంగూర మడిలో ఉన్న మాణిక్యాంబగారికి ఆయన భుజాలు కదలడం కనపడింది.

కాసేపటికి లేచి పెట్టెల దగ్గరికి వెళ్ళారు. పట్టుకెళ్ళడానికి కాదు. ఒక్కొక్కదాని కింద రెండు చేతులూ వేసి, కాస్త పక్కకి తిప్పారు. కాస్తంటే బెత్తెడు. మేతకెళ్ళిన ఈగ వాకిలి ఎక్కడుందో గుర్తుపెట్టుకుని వస్తుంది. ఒక్కసారిగా తిప్పేస్తే వచ్చిన ఈగలు పాత వాకిలి ఉన్నచోటే వెతుక్కుంటూ గోడకు కొట్టుకుంటాయి. అందుకని సాయంత్రానికి ఒక బెత్తెడు చొప్పున తిప్పాలి. అది ఆయన నేర్చుకున్న చదువులో ఉన్నదే.

"తూర్పు వాకిలే మంచిదన్నారుగదండీ?" అంది వరహాలమ్మ, నిజంగానే దిగులుపడి.

"మంచిదేనండీ వరహాలమ్మగారూ," అన్నారు మాస్టారు. "తూర్పున ఎవరున్నారో చూసి పెట్టుకోవాలి. నేను చూడలేదు."

అప్పటిదాకా ఆవిడ ఆయనకు ఉత్త వరహాలమ్మ. ఆ సాయంత్రం నించి ఆయన నోట 'గారు' ఆ పేరుని వదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం గవర్రాజు మెస్సుకి భోజనానికి వస్తే, వరహాలమ్మ దప్పళం వడ్డిస్తూ, "ఆ పెట్టెలుండనివ్వండి, మేష్టారు వాకిళ్ళు తిప్పుతున్నారు" అంది. పొగలు కక్కే దప్పళం విస్తట్లో ఉండగా కాదనగల మగవాడు మా గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. వాకిళ్ళు పూర్తిగా పడమరకు తిరిగేదాకా ఆవిడ పొద్దుటిపూట తోట వైపు రానని తనంతట తనే చెప్పింది. ఆ తరవాత మాస్టారు పెట్టెల ముందు కందిమొక్కలు ఒత్తుగా వేశారు, ఈగలు వాకిట్లోంచి రాగానే మనిషి తల దాటి పైకి లేచేలా. గులకరాళ్ళు పరిచిన మూకుడులో నీళ్ళు పోసి పెట్టారు, దాహమేసి పక్కవాళ్ళ కుండల మీద వాలకుండా. ఇప్పుడా ఈగలు పోయేది ఆయన మడి మీదుగానే, కుట్టించుకుంటే ఆయనే కుట్టించుకుంటారు. పెట్టె తెరవాల్సి వస్తే ముందునాడే మెస్సుకి వెళ్ళి, రేపు ఫలానా వేళ తెరుస్తున్నానండీ అని చెప్పి, అక్కడే భోంచేసి వస్తారు. ఆయన చెయ్యి నిలబడే చోటు ఆయనకి మిగిలింది.

ఈసారి తేనె తీసినప్పుడు మొదటి సీసా వరహాలమ్మగారి మెస్సుకి పట్టుకెళ్ళారు. ఉపన్యాసమేమీ లేదు. సీసా బల్లమీద పెట్టి, రెండు చేతులూ జోడించి నిలబడ్డారట. ఆవిడ కంగారుపడిపోయి, "అయ్యబాబోయ్, అదేంటండీ" అంటూ తనూ చేతులు జోడించింది. అన్నం తింటున్నవాళ్ళకి ఎవరు ఎవరికి దణ్ణం పెడుతున్నారో తెలియలేదు.

ఇంతవరకూ చెప్పి మాణిక్యాంబగారు ఊరుకున్నారు. పుండరీకంగారు ఒలవడం ఎప్పుడో ఆపేసి, ఒక బొబ్బరికాయని వేళ్ళమధ్య తిప్పుతూ కూర్చున్నాడు. వాదించే ఉత్సాహం తగ్గినట్టే ఉంది గాని, వ్యాపారస్థుడు కదా, బేరం తేలకుండా లేవడు.

"అంటే మైకు తీసెయ్యమనా అమ్మా?"

"నేను తేనెటీగల సంగతి చెప్పాను నాయనా."

"అది సరే. కాని మా పక్కింటాయన మరీ వరహాలమ్మ కాదమ్మా," అన్నాడాయన, మళ్ళీ కాస్త పుంజుకుని. "నిన్న పొద్దున భజన మొదలవగానే మా అందరికీ వినపడేలా తలుపు దభీమని వేసుకున్నాడు. దానికేమంటారు?"

మాణిక్యాంబగారు ఆయన ముందున్న చేట దగ్గరికి లాక్కుని, మిగిలిన కాయలు తనే ఒలవడం మొదలుపెట్టారు.

"నిన్నటిది నీకు వినపడింది," అన్నారు. "ఇన్నాళ్ళూ ఆయన మెల్లిగా వేసుకున్నాడు."